పాట లేని వీడియో

ఆయన పోయిన సంగతి ఆశ్రమం ఫేస్‌బుక్ పేజీలో పెట్టింది నేనే. రెండే వాక్యాలు రాశాను. పరుపుల కొట్టు సాయిబు గారు ఈ మధ్యాహ్నం కాలం చేశారని, ఆశ్రమం ఆయన్ని మరిచిపోదని. ఫోన్ పక్కన పెట్టి, ముఖం కడుక్కుని వచ్చేసరికి కింద ఒక మాట వచ్చి ఉంది. "ఆ వత్తుల దొంగేనా?" దాని కింద ఇంకెవరో నవ్వుతున్న బొమ్మ పెట్టారు.

నేను ఆ మాటను తీసెయ్యలేదు. తీసెయ్యడం ఆయనకు నచ్చేది కాదు. ఆయన దొంగ కాడని నాకు తెలుసు. ఎలా కాడో చెబితే ఒక ఆడమనిషి ప్రాణం మీదికి వస్తుంది. చెప్పకపోతే ఆయన పేరు ఆ మాట కిందే ఉండిపోతుంది.

అంత భయస్తుణ్ణి నేను ఇంకొకర్ని చూడలేదు. ఫోన్ మోగితే మొదట ఫోన్ వైపు చూసేవాడు. తర్వాత కొట్లో ఎవరుంటే వాళ్ళ వైపు చూసి "ఎవరై ఉంటారు?" అని అడిగేవాడు, వాళ్ళకేదో తెలిసినట్టు. కుక్కలంటే భయం. బ్యాంకంటే భయం. సంతకం పెట్టాలంటే కలం పట్టుకుని, కాగితం తిప్పి వెనకవైపు ఏముందో చూసేవాడు. సముద్రంలో వాయుగుండం అని టీవీలో వినపడితే చాలు, దూది మూటలు అటక మీదికి ఎక్కించి, సైకిలును కూడా ఇంట్లోకి లాక్కుని కిటికీ ఊచకు కట్టేసేవాడు. ఊళ్ళోవాళ్ళకు అదొక వేడుక. టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు, "సాయిబన్నా, తుపానంట. నేరుగా నీ కొట్టు మీదికే వస్తుండాదంట" అని ఏడిపించేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. నవ్వుతూనే ఒకసారి ఆకాశం వైపు చూసేవాడు.

వాళ్ళ నాన్న విల్లు భుజాన వేసుకుని కొడవలూరు వైపు పల్లెలన్నీ తిరిగి దూది ఏకేవాడట. ఈయన నాటికి మిషను వచ్చింది. కనుబొమ్మల మీద, చెవుల అంచున ఎప్పుడూ తెల్లటి నూగు ఉండేది. ఫోమ్ పరుపులొచ్చాక పని సగం పోయింది. ఉన్న పనిని మాత్రం తీరిగ్గా చేసేవాడు. పరుపు కుట్టేటప్పుడు మాట్లాడేవాడు కాదు. సూది పరుపులో మరిచిపోతే ఎవరి వీపులోనో దిగుతుందని భయం.

నాకు పరిచయమైంది మా ఆయన పరుపు వల్ల. మావారు పోయాక ఆ పరుపు మీద పడుకోలేక, దూది తీసి ఏకమని ఇచ్చాను. సాయిబు గారు దాన్ని చేత్తో తడిమి, "మీకు వొద్దనుకుంటే అట్టనే జెప్పండి టీచరమ్మా. నేల మీద పండుకునే వాళ్ళుండారు" అన్నాడు. అలా మొదటిసారి ఆశ్రమానికి వెళ్ళాను. తోటపల్లి గూడూరు దాటాక రొయ్యల గుంటల మధ్య, గట్టు మీద రెండు రేకుల గదులు, ఒక వంటపాక. ఇల్లూ దిక్కూ తప్పిన ఆడవాళ్ళను చేరదీసి ఒక పాతకాలపు నర్సు నడిపేది. అందరూ సిస్టరమ్మ అనేవాళ్ళు. ఆమె రసీదు పుస్తకం పట్టుకుని నెల్లూరు బజార్లలో కొట్టు కొట్టుకూ తిరిగి చందాలు తెచ్చేది. మోకాళ్ళు పోయాక తిరగలేకపోయింది.

సాయిబు గారు అప్పటికే ఆ ఇంటికి ఇస్తున్నాడు. ఆయన ఇచ్చే పద్ధతి వేరు. బియ్యమో చక్కెరో దిండు గలీబులో పోసి, మూతి కుట్టి, సైకిలు మీద తీసుకుపోయేవాడు. దారిలో చూసినవాళ్ళు దిండు తీసుకుపోతున్నాడనుకునేవాళ్ళు. ఆయన తల్లి నేర్పిందట. రంజాన్ నెలలో వాళ్ళ వీధిలో లేనివాళ్ళ ఇళ్ళకు ఆమె దిండ్లు పంపేది. తీసుకున్నవాళ్ళు గలీబు ఉతికి, మడిచి తిరిగి పంపేవాళ్ళు. అందులో ఏమొచ్చిందో ఆ ఇంటికీ ఈ ఇంటికీ తప్ప తెలిసేది కాదు.

అలాంటి మనిషి ఫేస్‌బుక్‌లో పేజీ తెరవాల్సి వచ్చింది. ఒక గాలివానకు ఆశ్రమం రేకులు లేచిపోయి గుంటల్లో పడ్డాయి. సిస్టరమ్మ తిరిగే స్థితిలో లేదు. దిండు గలీబులతో రేకులు రావు. హైదరాబాదులోనూ చెన్నైలోనూ ఉన్న మనవాళ్ళు ఫోన్ మీద వేలు పెట్టి సాయం పంపుతున్నారని ఆయన విన్నాడు. నా దగ్గరికి వచ్చి, "మాటలు మీరు రాయండి. నాకు భయంగా ఉండాది" అన్నాడు.

భయంతోనే ఆయన ఆ పేజీకి కట్టుబాట్లు పెట్టాడు. డబ్బు తన చేతికి రాకూడదు. ఆశ్రమంలో కందిపప్పు అయిపోతే, "ఈ వారం కందిపప్పు కావాలి" అని రాసి, కింద కిరాణా కొట్టు స్కానర్ బొమ్మ పెట్టేవాడు. మందులైతే మందుల కొట్టుది. ఇచ్చేవాళ్ళు నేరుగా కొట్టుకే పంపేవాళ్ళు. సరుకు ఆశ్రమానికి చేరాక, చేరిందని ఫొటో పెట్టేవాడు. అది ఉపాయమని ఆయన అనుకోలేదు. తన చేతికి డబ్బు తగిలితే రాత్రి నిద్ర పట్టదని అంతే. కానీ జనం నమ్మింది దాన్నే. ఎక్కడెక్కడి వాళ్ళో పప్పు కొన్నారు, నూనె కొన్నారు, చివరికి రేకులూ కొన్నారు. సిస్టరమ్మ రసీదు పుస్తకం అటక ఎక్కింది.

ఎవరైనా "మీరు దేవుడు సార్" అని రాస్తే ఆయనకు ముచ్చెమటలు పోసేవి. ప్రతి ఒక్కరికీ ఒకటే జవాబు. "అట్లా అనకండి. నేను పరుపులు కుట్టేవాణ్ణి."

నా మాటలంటే కూడా భయమే. మొదట్లో నేను 'విధివంచితులు' అని రాశాను. చదివి వినిపించమన్నాడు. వినిపిస్తే, "లోపల ఆ అమ్మలకు ఫోన్ జూసేవాళ్ళు ఉండారు. ఇది చదివితే అన్నం దిగుద్దా?" అన్నాడు. ఆ మాట కొట్టేశాను. తర్వాత 'అనాథలు' పోయింది, 'ఆపన్నులు' పోయింది. చివరికి కందిపప్పు మిగిలింది.

ముఖాలు చూపించకూడదన్నది ఇంకో కట్టుబాటు. ముఖం కనిపిస్తే సాయం ఎక్కువ వస్తుందని సిస్టరమ్మతో సహా అందరూ చెప్పారు. ఏడుస్తున్న ముసలమ్మ ఫొటో పెట్టిన పేజీలకు ఎంత వస్తున్నదో చూపించారు. ఆయన ఒప్పుకోలేదు. "అన్నం పెట్టి మొహం గుంజుకుంటే ఎట్టా టీచరమ్మా?" అన్నాడు. చేతులు చూపించేవాడు. కూర తరిగే చేతులు, జడ అల్లే చేతులు.

రమణమ్మ వచ్చింది ఆ రోజుల్లో. ఆ పేరు సిస్టరమ్మ పెట్టింది. బిట్రగుంట స్టేషన్లో బెంచీ మీద కదలకుండా కూర్చుని ఉంటే ఎవరో తీసుకొచ్చి దింపారు. ఎడమ చెవి తమ్మె చీలిపోయి ఉంది. వీపు మీద కాల్చిన మచ్చలు ఉన్నాయని సిస్టరమ్మ నాతో తర్వాత చెప్పింది. చాలా కాలం నోరు విప్పలేదు. విప్పాక కూడా కొంచెమే. మొగుడు. పుట్టింటికి పారిపోతే పెద్దమనుషులు సర్ది చెప్పి మళ్ళీ వాడి దగ్గరికే పంపారు. ఈసారి పోతే ఎక్కడున్నా వెతికి చంపుతానన్నాడు. వాడు ఆ మాట కోపంలో అనలేదట, అన్నం తింటూ అన్నాడట. సిస్టరమ్మను ఆమె కోరింది ఒక్కటే. తన మొహం బయటికి రానియ్యొద్దని.

సాయిబు గారికి ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ఆమె ఉన్న గదిలో ఫోన్ జేబులోంచి తీసేవాడు కాదు.

కార్తీకమాసానికి ముందు ఆయన ఒక దూది మూట తెచ్చి ఆశ్రమం వసారాలో దించాడు. అమ్మలు వత్తులు చేస్తే, సాయం పంపినవాళ్ళకు తలా ఒక పొట్లం పోస్టులో పంపుదామన్నాడు. ఉత్తచేతులతో తీసుకోవడం ఆ ఆడవాళ్ళకు బాగుండదని ఆయన ఆలోచన. సాయిబు ఇచ్చిన దూదితో శివుడి గుళ్ళో దీపాలా అని సిస్టరమ్మ వేళాకోళం చేసింది. "దూదికేం దెలుసమ్మా" అన్నాడు.

ఆ పని రమణమ్మ చేతికి బాగా పట్టింది. పిక్క మీద దూది పెట్టి అరచేత్తో ఒక్క తోపు తోస్తే వత్తి అయ్యేది. కట్టలు కట్టేటప్పుడు లెక్కపెట్టుకునేది. ఆమె లెక్క ఒకటితో మొదలయ్యేది కాదు. కళ్ళంలో వడ్లు కొలిచేవాళ్ళలాగా "లాభం" అని మొదలుపెట్టి, "రెండూ... మూడూ..." అని సాగదీసి, చివర గొంతు కొంచెం పైకి లేపేది. వాళ్ళ నాన్న కళ్ళాల్లో కొలతకు పోయేవాడట. చాలా కాలం మాట్లాడని మనిషి లెక్కపెడుతుంటే మిగతావాళ్ళు చేతులు ఆపి వినేవాళ్ళు.

సాయిబు గారు ఆ చేతులను వీడియో తీశాడు. తీసేముందు ఆమెను అడిగాడు. ముఖం రాదని చూపించాడు. ఆమె సరేనంది. అది పేజీలో పెట్టాలంటే అందరిలాగా కింద ఒక పాట పెట్టాలి. అక్కడే ఆగిపోయాడు. సినిమా పాట పెడితే మసీదులో పెద్దలు ఏమంటారో. శివుడి పాట పెడితే, సాయిబుకి ఎందుకని ఒకరంటారు, సాయిబై ఉండి ఏంటని ఇంకొకరంటారు. వాయిద్యం పెడితే, ఎవరి వాయిద్యమో, కేసు పెడతారేమో. కొట్లో కూర్చుని ఒక్కో పాటా చెవి దగ్గర పెట్టుకుని వింటూ, ఒక్కోదానికీ భయపడుతూ, చివరికి ఏ పాటా వద్దనుకున్నాడు. ఉన్నదున్నట్టు పెట్టేశాడు.

ఫ్యాను చప్పుడు, దూరంగా గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాల చప్పుడు, వాటి మీద రమణమ్మ గొంతు.

ముఖం గురించి అంత జాగ్రత్తపడ్డ మనిషికి గొంతు గుర్తుకు రాలేదు. మాకెవరికీ రాలేదు. ఆ వీడియో అంతకుముందు దేనికీ పోనంత దూరం పోయింది. పాటలు విని విని విసుగెత్తిన జనానికి అది కొత్తగా ఉంది. "మా తాత ఇట్లాగే కొలిచేవాడు", "లాభం అనే మాట విని ఎన్నాళ్ళయిందో" అని వందలమంది రాశారు. కిరాణా కొట్టువాడు సరుకు పెట్టడానికి చోటు లేదని కబురు చేశాడు. సాయిబు గారు సంతోషించాడో భయపడ్డాడో చెప్పడం కష్టం. రోజంతా ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగాడు.

మర్నాడు సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ గడప దాటని మనిషి నేరుగా లోపలికి వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టాడు. ఆ మెచ్చుకోళ్ళ మధ్య ఒకటి. పేరు లేదు, ముఖం బదులు మోటారుసైకిలు బొమ్మ. "ఈ గొంతు నాకు తెలుసు" అని ఉంది. అంతే.

వీడియో తీసేశాం. కానీ అప్పటికే అది వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. నాకే రెండు చోట్ల నుంచి వచ్చింది. అడ్రసు పేజీలోనే ఉంది. అడ్రసు లేని పేజీని జనం నమ్మరని మేమే పెట్టాం.

ఆశ్రమానికి దాతలు వస్తుంటారు. పిల్లల పుట్టినరోజులనీ, పెద్దల తిథులనీ వచ్చి, తమ చేత్తో వడ్డించి, ఫొటోలు దిగిపోతారు. రావద్దనడానికి లేదు. వద్దంటే పొయ్యి వెలగదు. ఇప్పుడు ఇవ్వడానికి వచ్చిన ప్రతి మొగవాణ్ణీ చూసి మేం భయపడ్డాం. అరటిపళ్ళ గెల భుజాన వేసుకుని వచ్చిన ఒక పెద్దాయన్ని సాయిబు గారు గేటు దగ్గరే నిలబెట్టి, ఊరేది, పేరేది, ఇంట్లో ఎవరెవరని అడిగి, అడిగినందుకు చేతులు పట్టుకుని క్షమాపణ చెప్పాడు. పొద్దున కొట్టు తీసేవాడు, భోజనం కాగానే మూసి ఆశ్రమానికి వచ్చేసేవాడు. పాత పరుపులు విప్పి ఎండలో దూది పరిచి, గేటుకు ఎదురుగా కూర్చుని కుట్టేవాడు. ఆశ్రమం పరుపులన్నీ అప్పుడు కొత్తవయ్యాయి.

అతను వచ్చింది ఒక సోమవారం, మధ్యాహ్నం. చిన్న ట్రాలీ ఆటోలో బియ్యం బస్తాలు, ముందు సీట్లో డ్రైవరు పక్కన అతను. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూది. దిగి చెప్పులు విడిచి మరీ లోపలికి వచ్చాడు. నేను వంటపాక గుమ్మంలో ఉన్నాను. నమస్కారం పెట్టాడు. మర్యాదస్తుడు అనుకున్నాను.

"మీ వీడియో చూసినాన్నా" అన్నాడు సాయిబు గారితో. "మనసు కరిగిపోయింది. ఆ కొలిచే అమ్మకి నా చేత్తో చీర పెట్టాలనుండాది."

నా వెనక చిన్న చప్పుడైంది. తిరిగి చూస్తే రమణమ్మ చేతిలో గరిటె లేదు. ఆమె నా వైపు చూడలేదు. వంగి పొయ్యి ఆర్పింది. పప్పు గిన్నె మీద మూత పెట్టింది. తర్వాత బియ్యం డ్రమ్ము వెనక గోడకు ఆనుకుని, మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. రెండు చేతులూ నోటి మీద ఉన్నాయి. గొంతు బయటికి రాకుండా.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. పక్కకు జరిగితే లోపల కనబడుతుంది.

సాయిబు గారు చేతిలోని సూదిని పరుపుకు గుచ్చి లేచాడు. చేతులు వణుకుతున్నాయి, అది అందరికీ కనబడుతోంది. పంచెకు తుడుచుకున్నాడు.

"ఆ గొంతు ఇక్కడిది గాదన్నా" అన్నాడు.

"మరి యాడిది?"

"ఎక్కిచ్చినాము. అందరూ పాట పెడతారు గదా. మేము ఫోన్లో యాడో దొరికితే అది పెట్టినాము. జనాలు సాయం చేస్తారని."

అతను నవ్వాడు. చీర కవరు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అట్టయితే మోసం జేసినావు."

"అవునన్నా."

"ఎందుకు వణుకుతుండావు?"

"మీరు పోలీసులకి చెప్తారేమోనని" అన్నాడు సాయిబు గారు.

నలభై గ్రామాల్లో ఎవరినడిగినా ఆ సాయిబు పిరికివాడనే చెబుతారు. ఆ క్షణాన ఆ వణుకు దొరికిపోయిన దొంగ వణుకులాగానే ఉంది. అతను చాలాసేపు ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత గదుల వైపు, వంటపాక వైపు, నా వైపు చూశాడు. నేను కదల్లేదు.

"ఇప్పుడు నాకు చెప్పిన మాట నీ పేజీలో పెట్టు. అందరికీ దెలియాల. పెట్టకపోతే నేనే మళ్ళీ వస్తా, అందర్నీ వరసలో నిలబెట్టి అడుగుతా."

బస్తాలు దించకుండానే ఆటో తిప్పుకుని పోయాడు. సాయిబు గారు పరిచిన దూదిలోనే కూలబడ్డాడు. పోలీసుల దగ్గరికి పోదామని నేనన్నాను. లోపల్నుంచి రమణమ్మ వద్దంది. పెద్దమనుషులు పంపినట్టే మళ్ళీ పంపుతారని ఆమె నమ్మకం. ఎంత చెప్పినా ఆ ఒక్క మాటే అంది.

సాయంత్రం కొట్లో కూర్చుని నేను రాశాను. ఆ వీడియోలో గొంతు మా ఆశ్రమంలోది కాదు, పొరపాటు జరిగింది, క్షమించండి అని. చదివి వినిపించాను.

"పొరపాటంటే వాడు నమ్మడు. మోసం అని రాయండి" అన్నాడు.

"మీ పేరు పోతుంది సాయిబు గారూ."

"పోతుంది. ఆ పేరు బియ్యం తెచ్చింది గదా ఇన్నాళ్ళు. చాల్లెండి" అన్నాడు. మోసం అని రాశాను. ఈ సంగతి మేం నలుగురం, ఆ గొంతు ఎరిగిన ఆశ్రమం అమ్మలు తప్ప ఎవరికీ తెలియకూడదని అందరి దగ్గరా మాట తీసుకున్నాడు. ఇంట్లో భార్య బీబీకి కూడా చెప్పనన్నాడు. ఆమె మంచిది, కోపమొస్తే వీధిలో నిలబడి నిజం చెప్పేస్తుందని భయం.

తర్వాత జరిగింది ఊహించగలిగిందే. మెచ్చుకున్నవాళ్ళంతా తిట్టారు. ఆయన్ని తిట్టి ఊరుకోక ఆయన మతాన్నీ తిట్టారు. మసీదులో పెద్దలు పిలిచి అడిగితే తల వంచుకున్నాడు. కిరాణా కొట్టువాడు తన స్కానర్ బొమ్మ తీసెయ్యమన్నాడు. మిగిలిన పరుపుల పనిలోనూ సగం పోయింది. దూదిలో ఈ దొంగ ఏం కలుపుతాడోనని. పేజీ మూసెయ్యమని నేనంటే, మూస్తే పారిపోయినట్టు ఉంటుంది, వాడు చూస్తుంటాడు అన్నాడు. తిట్టిన ప్రతి ఒక్కరికీ "క్షమించండి" అని రాసేవాడు. మెచ్చుకున్నప్పుడు రాసినంత ఓపిగ్గానే.

అతను మళ్ళీ రాలేదు. సిస్టరమ్మ రసీదు పుస్తకం దించి, నా భుజం పట్టుకుని బజారు మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. దిండు గలీబులు మాత్రం ఆగలేదు. కాస్త చిన్నవయ్యాయి.

ఆయనకు మనుషులంటే భయం తగ్గిందని అప్పట్లో నాకు అనిపించింది. కుక్కలను చూసి కూడా పక్కకు జరిగేవాడు కాదు. ఒకసారి అడిగాను. "ఇప్పుడుండేది వేరే భయం. అబద్ధం జెప్పినా గదా. పైన అడిగితే ఏం జెప్పాలో తెలియడంలా" అన్నాడు. ఆడమనిషి ప్రాణం కోసం చెప్పానని చెప్పండి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "అట్ట జెప్తే గొప్ప జెప్పుకున్నట్టు ఉంటుంది."

పోయిన మధ్యాహ్నం ఆయన పరుపు కుడుతూ కుడుతూ పక్కకు ఒరిగాడట. కొట్టుకు వచ్చినవాళ్ళు నిద్రపోతున్నాడనుకున్నారు.

మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. బీబీ నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టింది. ఏడుపు అయిపోయిన ముఖం. మంచినీళ్ళిచ్చి, తలుపు దగ్గరికి వేసి, మెల్లగా అడిగింది. "నిజంగా చేసినాడా టీచరమ్మా? నాతో ఒక్క ముక్క జెప్పలా. అడిగితే లేచి పొయ్యేవాడు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి దొంగో కాదో తెలీకుండా మన్ను జేసినాను."

నేను మాటిచ్చి ఉన్నాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి లాక్కుంది.

అక్కణ్ణుంచి నేరుగా ఆశ్రమానికి వెళ్ళి సిస్టరమ్మకు ఇది చెబుతుంటే, వత్తులు పొట్లాలు కడుతున్న రమణమ్మ విన్నది. లేచి వచ్చి నా ఎదురుగా నిలబడి, "ఫోన్ దియ్యండి" అంది.

సిస్టరమ్మ ఒప్పుకోలేదు. వాడు బతికే ఉన్నాడని అరిచింది. నేను కూడా భయపడ్డాను. ఒకసారి బయటికి పోయాక తీసుకోవడం మన చేతిలో ఉండదని, చూశాం కదా అని చెప్పాను.

"ఆయనకి భయం లేక చేసినాడా టీచరమ్మా?" అంది.

కిటికీ పక్కన కూర్చుని కొంగు తల మీది నుంచి తీసేసింది. చీలిన చెవి వెలుగులో పడింది. ముందు తన అసలు పేరు చెప్పింది, ఊరి పేరు చెప్పింది. వాటిని నేనిక్కడ రాయడం లేదు. నాకు ఆమెకున్నంత ధైర్యం లేదు. "ఆ వీడియోలో గొంతు నాది. పరుపుల సాయిబన్న ఎవర్నీ మోసం జెయ్యలా. నేను చావకుండా ఉండేదానికి అట్ట జెప్పినాడు" అంది. ముందు బీబీకి చూపించి, తర్వాతే పేజీలో పెట్టమంది.

బీబీ ఫోన్ రెండు చేతులతో పట్టుకుని చూసింది. అయిపోయాక మళ్ళీ పెట్టమంది. ఆ తర్వాత కొట్టు వైపు తలుపు తీసి, దూది మిషను పక్కన ఒంటరిగా చాలాసేపు నిలబడింది.

పేజీలో అప్పుడు తిట్టినవాళ్ళే ఇప్పుడు ఏడుస్తున్నారు. దేవుడంటున్నారు. కిరాణా కొట్టువాడు తానే వచ్చి స్కానర్ బొమ్మ ఇచ్చి వెళ్ళాడు. సాయం మళ్ళీ వస్తోంది, ఎప్పుడూ రానంత. పోలీసులకు కాగితం ఈసారి రమణమ్మే వేలిముద్ర వేసి ఇచ్చింది. చూస్తామన్నారు.

నిన్న మధ్యాహ్నం ఒక ఫోన్ వచ్చింది. మగ గొంతు. బియ్యం తెస్తాం, మా చేత్తోనే ఇస్తాం, ఆమె అక్కడే ఉందా అని. పేరు చెప్పమన్నాను. పెట్టేశాడు. అది అతనో, నిజంగా బియ్యం ఇవ్వాలనుకున్న ఇంకెవరో నాకు తెలియదు. ఇవ్వడానికి వచ్చేవాళ్ళను అలా అనుమానించాల్సి రావడం పాపమే. రమణమ్మకు చెప్పాను. ఆమె విని, తలుపు వెనక్కి పోకుండా, వసారాలో అందరికీ కనబడే చోట కూర్చుని దూది ముందుకు లాక్కుంది.

నేను గేటుకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పుస్తకం తెచ్చుకున్నాను గానీ ఒక్క పేజీ తిప్పలేదు. పొద్దు వాలే వేళకు గట్టు మీద బండి చప్పుడు వినబడింది. మలుపు తిరిగి ఇటే వచ్చి, గేటు అవతల ఆగింది. గోడ ఎత్తు వల్ల ఎవరో కనబడలేదు. కాళ్ళలో వణుకు మొదలైంది. ఆ వణుకు ఆగేదాకా చూద్దామనుకున్నాను. ఆగలేదు. వణుకుతూనే లేచి గేటు దగ్గరికి వెళ్ళి, ఎవరది అని అడిగాను.